పెద్దకొడుకు తిన్నాడా, లేదా?

పెళ్లిచూపుల్లో రెండుసార్లు తప్పిపోయిన పెళ్లికొడుకును మీరు చూసే ఉంటారు. దేవుడి దగ్గర రెండుసార్లు తప్పిపోయినవాణ్ని చూడాలంటే మాత్రం ఖమ్మం మిర్చి యార్డుకు రావాలి. దబ్బనం పట్టుకొని, తుమ్ముకుంటూ, సంచుల మూతులు కుడుతున్నవాడు కనిపిస్తే అది నేనే, చిన్నప్పను. ఊళ్లో ఇన్ని మూతులు కుట్టాడు గాని తన మూతి కుట్టుకోలేకపోయాడని మా ఆవిడ లూర్దమ్మ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. చదువు ఏడో తరగతి. అదీ పూర్తిగా కాదు, తలుపు దాకా వెళ్లి వచ్చాను.

మా మఠంలో మొదటి సభ గురువులది, రెండోది కన్యస్త్రీలది. పెళ్లాం, పిల్లలు, చిట్టీలు ఉన్న మాబోటివాళ్లది మూడో సభ. ఏడాది నేర్చుకున్నాక గుడిలో అందరి ముందు వాగ్దానం చేస్తే మెళ్లో కొయ్యసిలువ వేస్తారు. మొదటిసారి నన్ను పరీక్ష చేస్తూ ఫాదర్ గారు "పేదరికం పాటిస్తావా?" అని అడిగారు. "పుట్టినప్పటి నుంచి పాటిస్తూనే ఉన్నాను ఫాదర్, కొత్తది ఏమైనా ఉంటే చెప్పండి" అన్నాను. ఏడాది వాయిదా పడింది.

రెండోసారి తప్పింది నెలవారీ కూటంలో. మా సభవాళ్లు ఇద్దరిద్దరుగా ఊళ్లకు వెళ్లి సువార్త చెప్పి వస్తారు. కూటంలో ఒకరు లేచి తన అనుభవం చెప్పాలి, జోడీగా వెళ్లినవాడు లేచి "నిజమే" అని సాక్ష్యం పలకాలి. ఆ రోజు ఒక పెద్దాయన లేచి, తాను రెండు గంటలు ప్రసంగిస్తే ఊరంతా కన్నీళ్లు పెట్టుకుందని చెప్పాడు. "ఎండలోనా, నీడలోనా?" అని అడిగాను. మళ్లీ ఏడాది పోయింది.

మూడోసారి, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదట్లో ఫాదర్ గారు నన్ను పిలిచి కూర్చోమని కూడా అనలేదు.

"చిన్నప్పా, ఇదే ఆఖరు. మణుగూరు అవతల అడవి ఊరికి వెళ్లు. ఒక్క ప్రసంగం చేసి రా. అందులో వెకిలితనం ఉండకూడదు. వచ్చే ఆదివారం కూటంలో నీ జోడి లేచి నిజమే అంటే ఈస్టర్ తర్వాత వాగ్దానం. అనకపోతే ఇక నీ పేరు కొట్టేస్తాను."

"జోడి ఎవరు ఫాదర్?"

"మీ అన్న రాయప్ప."

అప్పుడు నేనే కూర్చున్నాను.

ఇక్కడ మా అన్న సంగతి చెప్పాలి. పేతురును మావాళ్లు రాయప్ప అంటారు, పౌలును చిన్నప్ప అంటారు; ఆ ఇద్దరి పేర్లు కలిసి రావాలని మా నాన్న మాకు అవే పెట్టాడు. అన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. బండి వస్తోందని అన్న కేకేస్తే పట్టాల మీదివాళ్లతో పాటు పక్క ఊరివాళ్లు కూడా తప్పుకుంటారు. సభలో అంతటి ప్రసంగీకుడు లేడు. ఆయన నాతో మాట్లాడి అప్పటికి రెండేళ్లయింది.

మా పెద్దవాడి పెళ్లినాడు విస్తర్లు చాల్లేదు. అన్నను సైకిలు మీద తెమ్మని పంపాను. ఆలోగా మధిర చుట్టాలు బండి టైమైందని గొడవ పెట్టారు. నేను ఆగలేక అరిటాకులు వేయించి బంతులు కూర్చోబెట్టేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మైకు పట్టుకొని, "మా అన్న విస్తరాకుల కోసం అడవికి పోయి చెట్టెక్కినట్టున్నాడు, ఆయన దిగేసరికి మనం చెయ్యి కడుక్కుందాం, కానివ్వండి!" అన్నాను. పందిరంతా ఒకటే నవ్వు. రెండు విస్తరి కట్టలు నెత్తిన పెట్టుకొని అన్న అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. కట్టలు దించి, గోడకు ఆనించి, తినకుండా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నాకు చెప్పాల్సింది ఏమున్నా గోడకు చెబుతాడు, నేను వినాలి. నవ్వించడం కూడా నేరమా అని నేనూ బిగుసుకున్నాను.

గురువారం పొద్దున ఆరున్నరకు ఖమ్మం బస్టాండులో కొత్తగూడెం బస్సెక్కాం. నేను కిటికీ దగ్గర, అన్న రెండు వరుసల ముందు. కండక్టర్ రాగానే అన్న డబ్బులు తీశాడు.

"సాబ్, రెండు కొత్తగూడెం. ఒకటి నాది, ఇంకోటి ఆ కిటికీ కాడ కూసున్నాయనది."

"ఎవలాయన?"

"నాకు తెల్వదు. మా అమ్మకు తెలుసు."

నా పక్కన ఏన్కూరులో దిగాల్సిన మిర్చి రైతు కూర్చున్నాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లట. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీరిద్దరూ అన్నదమ్ములాండీ? ముక్కులు ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ముందు నుంచి జవాబు వచ్చింది. "ముక్కు ఒక్కటే. నోర్లు వేరు."

జూలూరుపాడులో బస్సు పది నిమిషాలు ఆగింది. అక్కడి టీ బాగుంటుంది, కాని గ్లాసు చూడకుండా తాగాలి. తొమ్మిదిన్నరకు కొత్తగూడెం. మీలో ఎవరైనా రైల్లో రాదలిస్తే ఒక మాట: స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది, దిగాక రాముడి గుడి ఎక్కడని అడిగితే మళ్లీ బస్సెక్కిస్తారు. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని పదకొండు గంటల మణుగూరు బస్సు పట్టుకున్నాం. పాల్వంచ దాటాక రెండు పక్కలా టేకు, ఆ తర్వాత అడవి. ఇప్పపూల వాసన కిటికీలోంచి వచ్చి మనిషికి తాగకుండానే కొంచెం ఎక్కిస్తుంది. మణుగూరులో దిగేసరికి రెండున్నర. నా తెల్లచొక్కా ఆ ఊళ్లో గంటసేపు తెల్లగా ఉంది.

బొగ్గుగనిలో పని చేసే బాలశౌరి ఇంట్లో మా మకాం. బాలశౌరి మా దూరపు చుట్టం, మావాడి పెళ్లికీ వచ్చాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. అది గొప్ప గుణమే గాని, దానివల్ల పక్కవాళ్లకు ఎంత ప్రమాదమో నాకు మర్నాడు తెలిసింది.

సాయంత్రం ఐదింటికి క్వార్టర్ల మధ్య జాగాలో చాపలు పరిచారు. అన్న ప్రసంగం మొదలుపెట్టాడు. మైకు లేదు. పక్క రోడ్డు మీద బొగ్గు లారీలు. లారీ వచ్చినప్పుడల్లా అన్న ఆగుతాడని అందరూ అనుకున్నారు. అన్న ఆగలేదు, గొంతు పెంచాడు. బండి శబ్దానికి పోటీగా ముప్పై ఏళ్లు కేకలు వేసిన మనిషి. చీకటి పడేవరకు సాగింది. ఒక లారీ డ్రైవరు ఏదో ప్రమాదం జరిగిందనుకొని బండి ఆపి దిగివచ్చాడు. దిగినందుకు చివరిదాకా కూర్చోబెట్టారు.

శుక్రవారం పొద్దున అన్న గొంతు పోయింది. రెండేళ్లుగా నాతో మాట్లాడని మనిషి కదా, నాకా సంగతి తెలిసేసరికి ఎనిమిదైంది. బాలశౌరి భార్య మిరియాల కషాయం కాచి ఇస్తూ "పెద్దాయనకు ఊపిరి తప్ప ఇంకేం వస్తలేదు" అని చెబితేగాని నాకు అర్థం కాలేదు. అన్న గోడ వైపు తిరిగి పెదాలు కదిలిస్తున్నాడు. పాపం, గోడకూ వినపడటం లేదు.

అప్పుడు నాకు గుబులు పట్టింది. నా లెక్క ప్రకారం అడవి ఊళ్లో అన్న రెండు గంటలు చెబుతాడు, చివర్లో నేను లేచి ఒక మంగళవార్త జపం చెప్పించి దాన్నే ప్రసంగం అనిపించుకుంటాను. ఇప్పుడు మొత్తం నా మెడకే పడింది. బైబిల్లో నాకు మొదటి నుంచి చివరి దాకా తెలిసిన కథ ఒక్కటే, తప్పిపోయిన కుమారుడిది. ఏటేటా తపస్సుకాలంలో విని విని నోటికొచ్చింది. నేను చిన్నకొడుకును కాబట్టి అది నా కథే అని ఎప్పుడూ అనుకునేవాణ్ని.

బాలశౌరి పనికి నాగా పెట్టి మాకు దారి చూపడానికి వచ్చాడు. తొమ్మిదిన్నర బస్సెక్కి అడవి మధ్య ఒక మైలురాయి దగ్గర దిగి, మూడు మైళ్లు నడిచాం. మా ముగ్గురికీ ఆ రోజు ఒక్కపొద్దు. అంటే రాత్రి ఒక్క భోజనం దాకా పచ్చి మంచినీళ్లే. దారిలో ఒక మామిడి చెట్టు, కింద రాలిన పచ్చికాయ. వంగి తీసి, చొక్కాకు తుడిచి, కొరికాను. పంటి కింద కరుక్కుమనగానే వీపు మీద అన్న గొడుగు దెబ్బ పడింది.

"ఒక్కపొద్దు సంగతి మరిచాను" అన్నాను.

బాలశౌరి గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కపొద్దు పోనీయ్ బావా. ఈ కోయోళ్ల ఊర్ల మామిడికాయ పండుగ కాకముందు ఎవలు కాయ ముట్టరు. ఊరు ఊరంత కలిసి పండుగ చేసినంకనే తినుడు. చూస్తే తప్పు కింద పట్టుకుంటరు. పారెయ్!"

పారేస్తే పంటిగాట్లతో సహా దారి మీద సాక్ష్యం దొరుకుతుంది. తెలివిగా చొక్కా జేబులో వేసుకున్నాను. నా తెలివి అప్పుడప్పుడూ ఇలా పని చేస్తుంది.

ఆ అడవి ఊరి పేరు ఇప్పలగుంపు, పాతిక ఇళ్లు. పన్నెండింటికి చేరాం. ఊరిపెద్ద పటేలు వచ్చి మంచం వాల్చాడు, చెంబుతో నీళ్లిచ్చారు. పనులు ముగించుకొని మూడు గంటలకల్లా జనం ఆకుల పందిరి కిందికి చేరారు. తమలో తాము కోయభాషలో మాట్లాడుకుంటూ, మాతో తెలుగులో. అందరికంటే ముందు సోయం ముత్తమ్మ అనే ముసలమ్మ కూర్చుంది. ఆమె కళ్లు నాకు ఏడో తరగతి లెక్కల మాస్టారిని గుర్తుచేశాయి. అన్న పందిరి గుంజకు ఆనుకొని గొడుగు మీద గడ్డం పెట్టుకున్నాడు.

నేను లేచాను. "ఒక ఊళ్లో ఒక రైతు. ఆయనకు ఇద్దరు కొడుకులు."

"ఎన్నెకరాలు?" అన్నాడు పటేలు.

"అది పుస్తకంలో లేదు. చిన్నవాడు తండ్రి దగ్గరికి వచ్చి నా పాలు నాకు పంచమన్నాడు. పంచాడు."

"పట్టా ఉన్నదా?"

"ఉండే ఉంటుంది."

"పట్టా ఉన్నా పంచరాదు. ఆఫీసు సుట్టు తిరగాలె" అన్నాడు పటేలు. పది మంది తలలూపారు. అక్కడికే ఐదు నిమిషాలయింది.

చిన్నవాడు దూరదేశం వెళ్లి అంతా పాడుచేసుకొని పందులు కాయడానికి కుదిరాడని చెప్పాను. ఆ పందులు తినే పొట్టు కూడా వాడికి ఎవరూ పెట్టలేదని చెప్పాను.

ముత్తమ్మ చెయ్యెత్తింది. "పందులు కాసేటోనికి గంజి గూడ పొయ్యలేదా? గా షావుకారిది ఏ ఊరు?"

"దూరదేశం అవ్వా."

"దూరమేంది. గసుంటోడు మనకాడ గూడ ఉన్నడు" అని వెనక్కి తిరిగి ఎవరి పేరో చెప్పింది. అందరూ నవ్వారు. నేను ఒక్క తమాషా చెయ్యకుండానే జనం నవ్వుతున్నారు. ఇది నా ఖాతాలో పడకూడదని అన్న వైపు చూశాను. అన్న ముఖంలో ఏమీ లేదు.

కాని తండ్రి దూరం నుంచి కొడుకును చూసి, పెద్దవయసులో పంచె ఎగ్గట్టి పరుగెత్తి, కావలించుకున్నాడని చెప్పినప్పుడు ఒకామె ఒళ్లో బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. ప్రసంగం అంటే ఇదేనా, ఇంత సులువా అనుకున్నాను. ఆ ఊపులో, "దూడను కోశారు, వంటలు చేశారు, డప్పులు కొట్టారు, అందరూ ఆడుతూ పాడుతూ ఉండగా పెద్దకొడుకు పొలం నుంచి వస్తూ ఆ చప్పుడు విన్నాడు" అన్నాను.

"ఆగు" అంది ముత్తమ్మ. "పెద్దోడు అప్పటిదాంక ఏడున్నడు?"

"పొలంలో."

"మనిషిని తోలలేదా, రమ్మని?"

"పుస్తకంలో లేదు అవ్వా."

ముత్తమ్మ కోయలో ఏదో అంది. ఆడవాళ్లంతా ఒక్కసారి మాట్లాడారు. తర్వాత నా వైపు తిరిగింది.

"మా ఎర్రయ్య బిడ్డను సూడ భద్రాచలం దవాఖానకు పోయి మూడొద్దులాయె. కాయలు చెట్టు మీదనే ఉన్నయి. పిల్లలు గుటకలు మింగుకుంట తిరుగుతున్రు, ఒక్కడు ముట్టలె. వాడు రావాలె, పండుగ జెయ్యాలె, అప్పుడు తినాలె. పొద్దుందాంక పొలంల కష్టం చేసినోన్ని పిలువకుంట డప్పు కొట్టుడేంది? గదేం పండుగ?"

ఫాదర్ గారు పదిహేనేళ్లుగా ఈ కథ చెబుతున్నారు. ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. జవాబు తోచనప్పుడు నాకు తమాషా తోస్తుంది, అదే నా రోగం.

"ఆకలి అవ్వా! చుట్టాలొచ్చి కూర్చున్నారు, వంట చల్లారిపోతోంది, ఒక్కడి కోసం ఎంతసేపని ఆగుతారు? ఆ పెద్దోడు ఎద్దు మీద పడి ఇట్లా నిద్రపోతూ వస్తున్నాడేమో!" అని, ఎద్దు మూపురం మీద వాలి నిద్రపోతున్నట్టు వంగి చూపించాను.

ఒక్కరూ నవ్వలేదు. నవ్వకపోగా, వంగినప్పుడు నా జేబులోంచి మామిడికాయ జారింది. దొర్లుకుంటూ, ఎక్కడా ఆగకుండా, తిన్నగా ముత్తమ్మ కాళ్ల దగ్గరికి వెళ్లింది.

ఆమె కాయ తీసింది. పంటిగాట్లు చూసింది. తర్వాత నా పళ్లు చూసింది. నేను నోరు మూశాను. అంత పూర్తిగా మూయడం నా బతుకులో అదే మొదటిసారి.

"గీయన ఎప్పుడు గిట్లనేనా?" అని బాలశౌరిని అడిగింది. "ఎవలు రాకముందే తినుడు?"

"అవ్ అవ్వా" అన్నాడు అబద్ధం చేతకాని బాలశౌరి. "కొడుకు పెండ్ల గూడ గట్లనే చేసిండు." అని మొదలుపెట్టి విస్తర్ల సంగతి, మధిర చుట్టాల సంగతి, మైకులో నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. నా ప్రసంగం కంటే బాగా చెప్పాడు. మధ్యలో ఎవరూ పట్టా గురించి అడగలేదు. చివర్లో గుంజ దగ్గరికి చెయ్యి చూపించి, "గా పెద్దోడు ఈయననే" అన్నాడు.

పాతిక ఇళ్లవాళ్లూ అన్న వైపు తిరిగారు. అన్న గొడుగు పిడి చూసుకుంటున్నాడు.

"ఇంతకు పెద్దోడు తిన్నడా, లేదా?" అంది ముత్తమ్మ.

"తండ్రి బయటికొచ్చి బతిమిలాడాడు. పుస్తకంలో అంతవరకే ఉంది. తర్వాత ఏమైందో రాయలేదు."

"పుస్తకంల పెద్దోడు కాదు. గీ పెద్దోడు."

"తినలేదు" అన్నాను. దాని వెనక ఇంకో మాట కలపలేదు.

పంచాయితీ అరగంటలో తేలింది. పటేలు నిలబడి చెప్పాడు. పండుగ కాకముందు కాయ కొరికినందుకు రేపు ఎర్రయ్య రాగానే చేసే పండుగకు ఊరందరికీ విస్తర్లు నేనే కుట్టాలి. అన్న లేకుండా బంతి పెట్టినందుకు మొదటి విస్తరి అన్నకు నా చేత్తో వేసి, అందరూ వినేలా పిలిచి, నేనే వడ్డించాలి. ఆయన లేచి చెయ్యి కడుక్కునేదాకా నేను మెతుకు ముట్టకూడదు. "ఆయన తిననంటే?" అని అడిగాను. "తినేదాంక నువ్వు గూడ తినవు. మాకేంది" అన్నాడు పటేలు.

సువార్త చెప్పడానికి వెళ్లి తీర్పు మోసుకొచ్చినవాళ్లు మా సభలో నాకు ముందు ఎవరైనా ఉంటే నాకు తెలియదు. ఆ పైన నా ప్రసంగంలో తమాషా దొర్లింది, దానితో పాటు మామిడికాయా దొర్లింది. ఆదివారం అన్న సాక్ష్యం ఏం చెబుతాడో ఊహించడానికి ఏడో తరగతి చాలు. ఆ రాత్రి అక్కడే పడుకున్నాం.

శనివారం పొద్దున విస్తర్లకు అడ్డాకులు గుట్టగా పోశారు, వెదురు పుల్లలు చీల్చి ఇచ్చారు. కుట్టడం నా వృత్తి కాబట్టి మొదటి పది ఆకులు చించాక చెయ్యి కుదిరింది. నూట ఇరవై కుట్టాను. ముత్తమ్మ వచ్చి రెండు వెనక్కి పడేసింది. అన్న కొంచెం దూరంలో కూర్చొని జపమాల తిప్పుతున్నాడు. పెదాలే కదులుతున్నాయి.

పదకొండు గంటలకు ఎర్రయ్య వచ్చాడు. బిడ్డకు నయమైందట. అతను కాళ్లు కడుక్కోకముందే పిల్లలు చెట్ల వైపు పరుగెత్తారు. వాళ్ల పూజ వాళ్లు చేసుకున్నారు. మేము తపస్సుకాలంలో మాంసం మానేస్తామని బాలశౌరి ముందే చెప్పడంతో మా వరకు విడిగా అన్నం, మామిడికాయ పప్పు వండి ఉంచారు.

బంతి వేసే చోట నేను అన్న ఎదుట నిలబడ్డాను. విస్తరి చేతిలో ఉంది. "అన్నా, రా, తిందువు గాని" అన్నాను.

"ఇనబడలే" అంది ముత్తమ్మ.

"అన్నా! రా, తిందువు గాని!"

అన్న కదల్లేదు. విస్తరి నా చేతిలోంచి తీసుకున్నాడు. తిరగేశాడు. పట్టాల జాయింట్లు చూసినట్టు ఒక్కొక్క పుల్లనూ వేలితో తట్టి చూశాడు. ఊరంతా బంతిలో చేతులు ముడుచుకొని కూర్చొని ఉంది. ఒక్కరి ముందూ ఇంకా విస్తరి పడలేదు. తర్వాత అన్న నెమ్మదిగా కూర్చొని, విస్తరి నేల మీద పరిచి, నీళ్లు చల్లాడు.

వడ్డించాను. ఒక ముద్ద తిని ఉప్పు అని వేలితో చూపించాడు. తెచ్చాను. పప్పు. తెచ్చాను. నీళ్లు. తెచ్చాను. మళ్లీ పప్పు. ఏడుసార్లు తిప్పాడు. ఎనిమిదోసారి పిలుస్తాడేమోనని నేనే ఎదురుచూశాను. మెతుకు మిగల్చకుండా తిని, లేచి, చెయ్యి కడుక్కున్నాడు. అప్పుడు కూర్చొని తిన్నాను. ఆ పప్పు గురించి రాయడం నా చేతకాదు. వెళ్లి తినండి. కాని పండుగ అయిందో లేదో అడిగి తినండి.

బయలుదేరేటప్పుడు ముత్తమ్మ దారి దాకా వచ్చి మామిడికాయల మూట ఇచ్చింది. "మీ ఫాదర్‌కు చెప్పు. పెద్దోడు తిన్నడని పుస్తకంల రాసుకొమ్మను."

సాయంత్రానికి మణుగూరు. ఆదివారం తెల్లవారుజామున బస్సెక్కి, కొత్తగూడెంలో ఏడున్నర పూజ విని, తొమ్మిదిన్నర బస్సు పట్టుకున్నాం. ఈసారి అన్న వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. టికెట్లు నేను తీశాను. జూలూరుపాడులో టీ గ్లాసు నాకు అందించాడు, తన తువ్వాలుతో అంచు తుడిచి. నాలుగు రోజుల ప్రయాణంలో నాకు తెలిసింది ఒక్కటే. మనం ఊళ్లకు కథలు మోసుకుపోతాం గాని, ఆ కథలో ఎవరు బయట నిలబడి ఉన్నారో ఆ ఊళ్లవాళ్లకు మనకంటే ముందు కనిపిస్తుంది. ఇది నేను బస్సులో అనుకున్న మాట. ఒంటి గంటకు ఖమ్మంలో దిగేసరికి మళ్లీ సాక్ష్యం భయమే మిగిలింది.

మూడు గంటలకు కూటం. నేను లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. మామిడికాయ కూడా దాచలేదు. ముత్తమ్మ పంపిన మాట చెప్పినప్పుడు ఫాదర్ గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత గొంతు సవరించుకొని, "రాయప్పా, ప్రసంగంలో వెకిలితనం లేదా?" అన్నారు.

అన్న లేచాడు. గొంతు చూపించి, రాదన్నట్టు చెయ్యి తిప్పాడు. పైకి ఒకసారి చూసి, కిందికి ఒకసారి చూసి, తల ఊపాడు. ఆ ఊపు అవునో కాదో కనిపెట్టడం ఎవరి తరం కాదు. ఫాదర్ గారు వెకిలితనం లేదనే రాసుకున్నారు. "ఈస్టర్ తర్వాతి ఆదివారం వాగ్దానం" అన్నారు.

గుడి మెట్లు దిగుతున్నప్పుడు నాకు పాత నోరు తిరిగి వచ్చింది. "అన్నా, నీ గొంతు పోవడమే నా అదృష్టం. అది ఉంటే ప్రసంగం నువ్వే చేసేవాడివి, ఇందాక సాక్ష్యం కూడా నిజమే చెప్పేవాడివి. దేవుడికి నా మీద ఉన్న దయ చూడు, నీ నోరు కట్టేశాడు."

అన్న ఆగాడు. గొడుగు చంకలో పెట్టుకొని, బండి వస్తోందని చెప్పే ఆ పాత గొంతుతోనే అన్నాడు:

"గొంతు శనివారం పొద్దుగాలనే వచ్చిందిరా. నోరుంటే పెద్దోన్ని కదా, నువ్వు పిలిస్తే వద్దనాల్సి వచ్చేది. నాకేమో రెండేండ్ల సంది ఆకలైతుండె."